పని తెలిసిన పుస్తకాలు

మంచి పుస్తకం గురించి మాట్లాడేటప్పుడు కథ ఏమిటి, భాష ఎలా ఉంది, ముగింపు బాగుందా అని అడగడం మనకు అలవాటు. మా మిత్రబృందంలో కొన్నేళ్ళుగా చేతులు మారుతూ వస్తున్న పుస్తకాలను ఒకచోట పెట్టి చూసినప్పుడు, కాలంలోనూ ప్రక్రియలోనూ వాటి మధ్య ఎంత దూరం ఉన్నా, ఒక గుణం మాత్రం అన్నిటిలోనూ కనిపించింది. ఆ రచయితలందరికీ పని తెలుసు. వందమంది పరివారంతో దేశం దాటడం ఒక పని, గొర్రెల మందను అడవిలో రాత్రంతా కాయడం ఒక పని. అత్తరు తీయడం, ఆఫీసులో ఉద్యోగం చేసి ఇల్లు నడపడం, ఎవరూ అడగని చోట పూల విత్తనాలు నాటడం కూడా పనులే. వీటిని పేరుకు చెప్పి ముందుకు సాగిపోకుండా, ఆ పని చేసే మనిషి చేతులూ కళ్ళూ ఎలా కదులుతాయో తెలిసి రాసిన పుస్తకాలనే మేము ఒకరికొకరం పట్టుబట్టి చదివించుకున్నాం.

మా బృందంలో పదవీ విరమణ చేసిన తెలుగు మాస్టారు ఒకరు, ఒక బ్యాంకు ఉద్యోగిని, హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ఒక యువకుడు, కడప జిల్లాలో గొర్రెలున్న ఇంట పుట్టి నర్సుగా పనిచేస్తున్న ఒక మిత్రురాలు ఉన్నారు. మా అభిరుచులు కలవడం అరుదు. మాస్టారికి నచ్చిన పుస్తకం యువకుడికి ఇరవై పేజీల దగ్గరే ఆగిపోవడం, అతను మెచ్చిన నవలను మాస్టారు పెదవి విరిచి పక్కన పెట్టడం మాలో మామూలే. అందువల్ల, అందరం కలిసి మెచ్చుకున్న ఈ కొన్ని పుస్తకాల గురించి చెప్పడంలో నాకు ప్రత్యేకమైన సంతోషం ఉంది.

ముందుగా ఏనుగుల వీరాస్వామయ్య గారి కాశీయాత్ర చరిత్ర గురించి కొంచెం విస్తారంగా చెప్పాలి. చెన్నపట్నం సుప్రీంకోర్టులో ద్విభాషిగా ఉద్యోగం చేసిన వీరాస్వామయ్య గారు 1830 మే 18న పరివారంతో సహా బయలుదేరి, కాశీ, గయ, కలకత్తా, జగన్నాథం చూసుకుని 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరారు. అంటే పదిహేను నెలలకు పైబడిన ప్రయాణం. రైలు అనే మాట ఈ దేశంలో ఇంకా పుట్టని రోజులవి. దారిలో తాను చూసినదంతా తన మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళై గారికి రాసి పంపుతూ వచ్చారు. వీరాస్వామయ్య గారు 1836లో మరణించగా, ఆ మిత్రుడే దానిని 1838లో అచ్చు వేయించారు. తెలుగులో తొలి యాత్రాగ్రంథాల్లో దీనికున్న స్థానం అందరికీ తెలిసిందే కాబట్టి ఆ ప్రాధాన్యాన్ని మళ్ళీ వర్ణించను. చదువుతున్నప్పుడు పాఠకుడికి ఏమవుతుందో చెబుతాను.

మొదటి కొన్ని పేజీలు బరువుగానే సాగుతాయి. వాక్యాలు పొడుగ్గా ఉంటాయి, ఊళ్ళ పేర్లు నేటి వాడుకకు భిన్నంగా ఉంటాయి. అయితే ఒకసారి ఆ నడక పట్టుబడిందంటే పుస్తకం వదలదు. ప్రతి మజిలీ దగ్గరా ఆయన చూసే విషయాలు దాదాపు ఒకటే: దారి గట్టి నేలా, రేగడా, వాగు దాటడానికి వీలుందా, ఊరు బస్తీగా ఉందా, పల్లెగా ఉందా, దుకాణాలున్నాయా, తాగడానికి మంచి నీళ్ళున్నాయా, దిగడానికి నీడ ఉన్న చోటు దొరుకుతుందా. పెద్ద పరివారాన్ని వెంటబెట్టుకుని నడిచే ఇంటి యజమానికి ఉండవలసిన చింతలన్నీ ఆ జాబితాలో ఉన్నాయి. పల్లకి మోసే బోయీలకు సాయంత్రానికి బియ్యం, ఉప్పు, పప్పు దొరకకపోతే మరునాడు ప్రయాణమే ఉండదని ఆయనకు తెలుసు. అందుకే తీర్థమాహాత్మ్యం ఎంత శ్రద్ధగా రాశారో, అంగడి సంగతి కూడా అంతే శ్రద్ధగా రాశారు. శ్రీశైలం దారిలో అడవి ప్రయాణం, హైదరాబాదు నగర వర్ణన, గంగ మీద పడవ ప్రయాణం చదివేటప్పుడు, దాదాపు రెండు వందల ఏళ్ళ కిందటి దేశం ఎదుట నడుస్తున్నట్టే ఉంటుంది.

మా సాఫ్ట్‌వేర్ మిత్రుడు ఈ పుస్తకాన్ని చదివిన పద్ధతి నాకు చాలా నచ్చింది. ఫోనులో పటం తెరిచి పెట్టుకుని, ఒక్కొక్క మజిలీని వెతుక్కుంటూ, ఆ ఊరు నేటికీ ఉందా, ఏ రహదారి పక్కన ఉందని చూసుకుంటూ వెళ్ళాడు. కడప నుంచి అహోబిలం మీదుగా శ్రీశైలానికి, అక్కడి నుంచి హైదరాబాదుకు సాగిన ఆ బాట వెంట కనిపించే పల్లెల్లో కొన్నిటిని తాను కారులో ఎన్నోసార్లు దాటి వెళ్ళినా, వాటికి ఇంత పాత చరిత్ర ఉందని ఎన్నడూ తోచలేదని చెప్పాడు. మాస్టారు మాత్రం ఈ పుస్తకంలోని లోకజ్ఞానాన్ని ఎక్కువగా మెచ్చుకుంటారు. ఆంగ్ల దొరల దగ్గర కొలువు చేసిన మనిషి కాబట్టి వీరాస్వామయ్య గారికి సుంకాలు, ఠాణాలు, జమీందారుల వ్యవహారాలు క్షుణ్ణంగా తెలుసు. వాటిని యాత్రికుడి భక్తితో కలిపి ఒకే కలంతో రాయగలగడం ఆయనకే చెల్లిందన్నది మాస్టారి అభిప్రాయం. కంపెనీ పాలన పట్ల ఆయనకున్న మన్నన నేటి పాఠకులకు కొన్నిచోట్ల ఇబ్బందిగా తోచవచ్చు. ఆ కాలపు ఉద్యోగి మనసు ఎలా ఉండేదో దాచకుండా చూపే సాక్ష్యంగా దానిని చదువుకోవచ్చునని నా ఉద్దేశం.

అక్కడి నుంచి పూర్తిగా వేరే లోకానికి వెళితే, విభూతిభూషణ్ బంద్యోపాధ్యాయ బెంగాలీ నవల ఆరణ్యక్‌కు సూరంపూడి సీతారాం గారు చేసిన తెలుగు అనువాదం వనవాసి ఉంది. తెలుగు పాఠకులు సొంత పుస్తకంలా ప్రేమించిన అనువాదాల్లో దీని పేరు తప్పకుండా వస్తుంది. కలకత్తాలో చదువు ముగించి ఉద్యోగం దొరక్క తిరుగుతున్న సత్యచరణ్, మిత్రుడి కుటుంబానికి చెందిన బీహారు అడవి భూముల వ్యవహారం చూసే పనికి కుదురుతాడు. ఆ అడవిని ముక్కలు చేసి కౌలుదారులకు పంచిపెట్టడమే అతని ఉద్యోగం. అడవి అందాన్ని రోజురోజుకూ ఎక్కువగా ప్రేమిస్తూ, అదే అడవిని తన చేతులతోనే అంతం చేయించవలసిన మనిషి కథ ఇది. కథలో మలుపులు తక్కువ. మనుషులు మాత్రం ఒకరి తరువాత ఒకరు వచ్చి మనసులో స్థిరపడిపోతారు.

వారిలో యుగళప్రసాద్ అనే మనిషిని మా బ్యాంకు మిత్రురాలు ఎన్నటికీ మరిచిపోలేనంటుంది. అతనికి అడవిలో కొత్త రకాల పూలమొక్కలు, లతలు పెంచాలని పిచ్చి. ఎక్కడెక్కడి నుంచో విత్తనాలు తెచ్చి, సరస్వతీ కుండం అనే మడుగు చుట్టూ నాటుతాడు. ఆ నేల అతనిది కాదు, ఆ పూలను కొనేవారు లేరు, చూసేవారు కూడా లేరు. ఏ నేలలో ఏది పట్టుకుంటుంది, ఏ లత ఏ చెట్టుకు పాకితే అందంగా ఉంటుందన్న ఆలోచనలోనే అతనికి తృప్తి. నెలాఖరుకు లెక్కలు తేల్చే ఉద్యోగంలో ఉన్న తనకు, ఏ లెక్కలోకీ రాని పనిని ఇంత నిష్ఠగా చేసే మనిషిని చూసి ఎంతో ఊరట కలిగిందని ఆమె చెప్పింది. నాకు మాత్రం కుంత ఘట్టం మనసులో నాటుకుపోయింది. ఒకప్పుడు బాగా బతికిన ఆ విధవ, పిల్లల కోసం, ఆ భూముల వ్యవహారం చూసే కచేరీలో భోజనాలయ్యాక విస్తళ్ళలో మిగిలిన అన్నం పట్టుకుపోవడానికి చలిలో నిలబడి ఎదురుచూస్తుంది. రచయిత అక్కడ ఒక్క జాలిమాట కూడా అదనంగా వాడడు. సీతారాం గారి తెలుగు కూడా అంతే నిబ్బరంగా నిలబడింది.

శ్రీపాద సుబ్రహ్మణ్య శాస్త్రి గారి కథల్లో ఏది ముందు చదవాలని అడిగితే మా అందరి జవాబూ గులాబీ అత్తరే. షుకురల్లీ ఖాన్ అనే అత్తరు సాయిబు, తన పనితనమంతా ధారపోసి తీసిన గులాబీ అత్తరును పట్టుకుని, రసికుడని పేరుపడ్డ పెద్దాపురం మహారాజుకు చూపించాలని ఢిల్లీ నుంచి వస్తాడు. దివాణంలో పెద్ద మనిషి అతన్ని లోపలికి పోనివ్వడు. కథంతా ఈ నిరీక్షణ చుట్టూ తిరుగుతుంది. పనివాడికి తన పని మీద ఉండే గర్వం, దానిని గుర్తించగల ఒక్క మనిషి దగ్గరకు చేరాలన్న ఆరాటం, మధ్యలో అడ్డుపడే అధికారం ముందు అతను తలవంచని తీరు ఇందులో సంభాషణల ద్వారానే తెలుస్తాయి. ముగింపు చెప్పి పాఠకుల ఆనందాన్ని పాడుచేయను. గోదావరి జిల్లాల ఇంటి తెలుగు ఇంత ఠీవిగా, ఇంత సహజంగా పలికిన కథలు మరెక్కడా చదవలేదని మాస్టారు అంటే, దానితో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. పెద్దాపురంలోనే నడిచే వడ్లగింజలు కథను కూడా వెంటనే చదవవచ్చు. చదరంగం ఎత్తులు తెలియనివారికి సైతం ఆ ఆటలోని ఉత్కంఠ అందుతుంది.

డాక్టర్ పి. శ్రీదేవి గారి కాలాతీత వ్యక్తులు విషయంలో మా బృందం రెండు పక్షాలుగా చీలిపోయింది. ఇంత పాత నవల మీద ఇంత వేడిగా వాదించుకోగలిగామంటే అదే దాని బలానికి నిదర్శనం. 1957, 1958 సంవత్సరాల్లో తెలుగు స్వతంత్ర పత్రికలో ధారావాహికగా వచ్చిన ఈ నవలను ఆధారం చేసుకుని 1963లో చదువుకున్న అమ్మాయిలు సినిమా తీశారు. శ్రీదేవి గారు 1961లోనే, చాలా చిన్న వయసులో కన్నుమూశారు. విశాఖపట్నంలో ఒక ఇంటి కింది భాగంలో, పై గదిలో అద్దెకున్న కొందరు యువతీ యువకుల చుట్టూ కథ నడుస్తుంది. ఉద్యోగం చేసి, బాధ్యత తెలియని తండ్రిని కూడా తానే మోస్తున్న ఇందిర, చదువుకోవడానికి వచ్చి ఆధారం కోల్పోయిన కల్యాణి, వైద్య విద్యార్థి ప్రకాశం, అన్నిటినీ తేలికగా తీసుకునే కృష్ణమూర్తి ఇందులో ముఖ్యులు.

బ్యాంకు మిత్రురాలికి ఇందిర అంటే ప్రాణం. రోజంతా ఆఫీసులో కూర్చుని, ఇంటికి వచ్చి మళ్ళీ ఇంటి చాకిరీ మొదలుపెట్టే ఆడపిల్ల విసుగు ఎలా ఉంటుందో, ఆ విసుగు మాటల్లో ఎలా పైకి వస్తుందో శ్రీదేవి గారికి తెలిసినంత బాగా మరెవరికీ తెలియదని ఆమె వాదం. ఇందిర తన కష్టాన్ని చూపించి ఎవరి సానుభూతినీ కోరదు, సుఖం కావాలని నోరు తెరిచి చెబుతుంది, దానికోసం ఇతరులను నొప్పించడానికి కూడా వెనకాడదు. మాస్టారికి ఈ చివరి అంశం దగ్గరే అభ్యంతరం. రచయిత్రి మనసు కల్యాణి వైపు ఉందని, ఇందిరకు తెలివి ఇచ్చినా దయ ఇవ్వలేదని ఆయన అంటారు. నాకు చూడగా ఇందిరను రచయిత్రి ఎక్కడా తీర్పు చెప్పి పక్కన పెట్టలేదు. ప్రకాశం లాంటి మెత్తని, నిర్ణయం తీసుకోలేని మనిషిని ఇందిర సూటిగా చూసే చూపులో రచయిత్రి చూపు కూడా కలిసే ఉంది. జీతం వచ్చిన రోజుకీ అయిపోయిన రోజుకీ ఆమె మాట తీరు మారిపోవడం చూడండి. తెలుగు నవలలో ఉద్యోగం చేసే స్త్రీని ఆ ఉద్యోగంతో సహా చూపించిన తొలి రచనల్లో దీనిని లెక్కించాలి. ఇప్పటివరకు చదవనివారు వెంటనే సంపాదించి చదవవలసిన పుస్తకం ఏదైనా ఉందంటే నా దృష్టిలో ఇదే.

కేశవరెడ్డి గారి అతడు అడవిని జయించాడు, సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి గారి కొండపొలం మా ఇళ్ళలో ఎప్పుడూ జంటగానే తిరిగాయి. ఒకటి చిన్న నవల, ఒకటి పెద్దది. రెండిటిలోనూ రాయలసీమ మనుషులు తమ జీవాల కోసం అడవిలోకి అడుగుపెడతారు. చిత్తూరు జిల్లాలో పుట్టి, నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠురోగుల వైద్యుడిగా పనిచేసిన కేశవరెడ్డి గారు తన నవలకు ఎంచుకున్న నాయకుడు పందులు కాసే ఒక ముసలాయన. ఈనడానికి సిద్ధంగా ఉన్న సుక్కపంది మందలోకి తిరిగి రాకపోవడంతో, దానిని వెతుక్కుంటూ బల్లెం పట్టుకుని ఆయన అడవిలోకి వెళతాడు. ఆ ఒక్క రాత్రే కథ. చప్పుడు ఏ దిక్కు నుంచి వచ్చింది, గాలి ఎటు వీస్తోంది, నక్కలు ఎంత దూరంలో ఉన్నాయి, తల్లి పంది దగ్గరకు ఎంతవరకు పోవచ్చు అన్న లెక్కలు ఆయన బుర్రలో ఎడతెగకుండా సాగుతూనే ఉంటాయి. ఎన్నో ఏళ్ళ అనుభవం ఆయనకు నేర్పిన విద్య అది. ఆ విద్య ఎంత పెద్దదో, అడవి ముందు అది ఎంతవరకు నిలుస్తుందో రచయిత పేజీ పేజీకీ తూచి చూపిస్తారు. ఒక్క కూర్చోవడంలో ముగిసిపోయే పుస్తకమైనా, దీని తరువాత వేరే పుస్తకం తెరవడానికి నాకు మనసు రాలేదు.

కొండపొలం 2019లో, అమెరికాలోని తెలుగువారి సంఘమైన తానా నవలల పోటీలో బహుమతి పొందింది, 2021లో సినిమాగా కూడా వచ్చింది. కరువు రోజుల్లో మేత, నీళ్ళు దొరకక గొర్రెల కాపరులు మందలను తోలుకుని నల్లమల కొండల్లోకి వెళ్ళి, అక్కడే వారాల తరబడి ఉండిపోవడమే కొండపొలం. ఇంజనీరింగు చదివి ఉద్యోగం దొరకని రవి, తండ్రితో కలిసి అలా అడవికి వెళతాడు. పులి భయం, నీటి కొరత, ఎర్రచందనం దొంగల తిరుగుడు మధ్య అతను నేర్చుకునే ప్రతి చిన్న విషయాన్నీ రచయిత విడమరచి చెబుతారు. రాత్రి మంద చుట్టూ ఎవరు ఎటు పడుకోవాలి, గొర్రె బెదిరితే మంద ఎటు కదులుతుంది, అలికిడిని బట్టి ఏ మృగమో ఎలా పోల్చుకోవాలి అన్నవి చదువుతుంటే మనమూ ఆ మంద వెంట నడుస్తున్నామనిపిస్తుంది.

ఈ పుస్తకం గురించి నేను ఎంత చెప్పినా, మా నర్సు మిత్రురాలు చెప్పినదానికి సాటిరాదు. ఆమె తాతగారు మంద వెంట అడవికి వెళ్ళి వచ్చిన మనిషి. చిన్నప్పుడు ఆయన నోట విన్న అడవి కబుర్లను ఇంట్లోవాళ్ళు ముసలివాళ్ళ చాదస్తమనుకుని వదిలేశారట. ఈ నవలలో కాపరులు గొర్రెను పిలిచే పిలుపు, దాని జబ్బును నడకలోనే పసిగట్టే తీరు చదివాక, ఆయన చెప్పినదంతా ఒక పెద్ద శాస్త్రమని తనకు అర్థమైందని ఆమె అంది. రోగి మంచం దగ్గరకు రాకముందే అతని మొహం చూసి సగం సంగతి గ్రహించడం తన ఉద్యోగంలో నేర్చుకున్న విద్య అయితే, ఆ విద్య ఇంట్లో అప్పటికే ఉందని గర్వంగా చెప్పుకుంది. ఈ పుస్తకంలో లోటు లేదని అనను. చివరి భాగంలో నాయకుడి మార్పును రచయిత కొంత ఎక్కువగా వివరించారని, పాఠకుడికి వదిలేసినా సరిపోయేదని నాకు అనిపించింది. మా యువ మిత్రుడు దీనికి ఒప్పుకోడు. ఉద్యోగ ప్రయత్నాల్లో ఇంటర్వ్యూ గది ముందు కూర్చున్నప్పుడు ధైర్యం చాలని తనలాంటివారికి ఆ వివరణ అవసరమేనని అతని మాట.

సురవరం ప్రతాపరెడ్డి గారి ఆంధ్రుల సాంఘిక చరిత్ర గురించి చెప్పకుండా ఈ వరుస పూర్తి కాదు. 1949లో వెలువడిన ఈ గ్రంథానికి 1955లో, తెలుగుకు మొట్టమొదటి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. గోలకొండ పత్రికను నడిపిన ప్రతాపరెడ్డి గారు చరిత్రను రాజుల యుద్ధాల నుంచి విడదీసి, జనం ఏమి తిన్నారు, ఏమి కట్టుకున్నారు, ఏ ఆటలు ఆడారు, ఏ పన్నులు కట్టారు, దేనిని నమ్మారు అని అడిగారు. జవాబులను శాసనాల్లోనూ, అంతకంటే ఎక్కువగా కావ్యాల్లోనూ వెతికారు. మనం అలంకారాల కోసం చదివే పద్యాల్లో ఆయన వంట సామాను ఏరుకున్నారు. క్రీడాభిరామం అనే పాత కావ్యంలో ఓరుగల్లు పూటకూళ్ళ ఇంటి పద్యం ఉంది. లక్ష్మణవజ్ఝల ఇంట ఒక్క రూక ఇస్తే కప్పురభోగి అన్నం, కమ్మని గోధుమ పిండివంట, గుప్పెడు పంచదార, కొత్తగా కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజులు, గడ్డపెరుగు వడ్డించేవారని అందులో చెబుతాడు కవి. అలాంటి పద్యాన్ని ఆయన చూపు వెంట చదివితే కాకతీయుల కాలపు భోజనం విస్తరి ముందు కూర్చున్నట్టే ఉంటుంది.

ఈ గ్రంథంలో ఆయన అభిప్రాయాలు ఘాటుగా ఉంటాయి. మూఢాచారాల మీద కోపం వచ్చినప్పుడు దాచుకోరు, కొన్ని నిర్ణయాలు నేటి పరిశోధకులకు తొందరపాటుగా తోచవచ్చు. అయినా, తన జాతి జనం బతికిన బతుకంతా తెలుసుకోవాలన్న ఆ తపన ముందు అవి నాకు చిన్నవిగానే కనిపించాయి. మాస్టారు తన విద్యార్థులకు ప్రబంధాలు చెప్పేటప్పుడు ఈ పుస్తకాన్ని పక్కనే పెట్టుకునేవారట. పద్యంలో వచ్చిన ఒక గిన్నె పేరో, ఒక చీర పేరో ఇందులో వెతికి చూపించగానే పిల్లలకు పాఠం మీద ఆసక్తి పుట్టేదని ఆయన చెబుతారు.

మిగిలినవాటిలో రెండిటిని మాత్రం ప్రస్తావిస్తాను. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు గారి పచ్చనాకు సాక్షిగా చిత్తూరు జిల్లా పల్లె మాటను ఏ మెరుగూ పెట్టకుండా అచ్చులోకి తెచ్చింది. ఆ మాండలికం అలవాటు లేనివారు దానిని బిగ్గరగా చదువుకుంటే చాలు, తల్లి కొడుకును తిట్టే తిట్టులోని ప్రేమ దానంతట అదే చెవిన పడుతుంది. అలెక్స్ హేలీ నవలకు సహవాసి గారి తెలుగు రూపమైన ఏడుతరాలు మూల గ్రంథాన్ని బాగా కుదించినదే అయినా, కుంటా కింటే బందీ అయిన ఓడ ఘట్టాన్ని మా బృందంలో ఎవరూ ఒకే బిగిన చదవలేకపోయారు. మా నర్సు మిత్రురాలు ఆ పేజీల దగ్గర పుస్తకం మూసి, మరునాడు మళ్ళీ తెరిచానని చెప్పింది.

వీటిలో ఎక్కడ మొదలుపెట్టాలని అడిగేవారికి మా సలహా ఇది. చదివే అలవాటు తప్పిపోయినవారు కేశవరెడ్డి గారి నవలతో మొదలుపెట్టండి, అది చిన్నది, చదివిస్తుంది. కథలే ఇష్టమైతే శ్రీపాద వారి సంపుటం తీసుకోండి. ఇంట్లో పెద్దవారికి బహుమతిగా ఇవ్వాలనుకుంటే వనవాసి మంచి ఎంపిక, ఉద్యోగంలో కొత్తగా చేరిన ఆడపిల్లకైతే కాలాతీత వ్యక్తులు. ఆంధ్రుల సాంఘిక చరిత్రను మొదటి పేజీ నుంచి వరుసగా చదవనవసరం లేదు, మీకు ఇష్టమైన రాజుల కాలం తెరిచి భోజనాల గురించి, ఆటల గురించి చెప్పిన చోట మొదలుపెట్టవచ్చు. కాశీయాత్ర చరిత్ర కొనేటప్పుడు మాత్రం కాస్త చూసి తీసుకోండి. దిగవల్లి వేంకట శివరావు గారు పరిష్కరించి 1941లో వెలువరించిన ప్రతిలో పీఠికా, వివరణలూ ఉన్నాయి, పాత మాటల దగ్గరా పాత ఊళ్ళ దగ్గరా అవి ఎంతో సాయపడతాయి. ఆ ప్రతి దొరకగానే మొదట హైదరాబాదు ఘట్టం చదివి, ఆ తరువాత చెన్నపట్నంలో బయలుదేరిన రోజుకు వెళ్ళండి. మా యువ మిత్రుడు అలాగే చదివాడు, ఇప్పుడు వీరాస్వామయ్య గారి మజిలీల పట్టికను తన ఫోనులో తయారుచేసుకుంటున్నాడు.